పెంకులన్నీ దింపి మళ్ళీ నేయించిన వేసవి

మా ఇల్లు కోనసీమలో, అంబాజీపేటకి దగ్గర్లో ఒక ఊళ్ళో. మండువా ఇల్లు. నాలుగు పక్కలా గదులు, మధ్యలో ఆకాశం. ఫొటో పెడితే చాలు, "అబ్బ, ఇలాంటి ఇంట్లో ఉండాలంటే రాసిపెట్టి ఉండాలి" అంటారు. నిజమే, వాన పడనంతవరకూ. వాన మొదలైతే రెండు బకెట్లు, ఒక ఇత్తడి గుండిగ, మూడు స్టీలు గిన్నెలు, నా చిన్నప్పటి ప్లాస్టిక్ టబ్బు ఏది ఎక్కడ పెట్టాలో మా అమ్మకి కరెంటు లేకపోయినా చీకట్లో తెలుసు.

2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ నుంచి లాప్‌టాప్ పట్టుకుని నెల రోజులకని వచ్చి ఇక్కడే ఉండిపోయాను. నాన్న పోయాక ఇల్లు నా పేరు మీదికి మారింది. ఇల్లు మారిందంటే ఇల్లు కారడం కూడా నా పేరు మీదికే వచ్చిందన్నమాట.

పెంకుటిల్లు కారితే వచ్చే చిక్కేమిటంటే, చుక్క పడే చోటు ఒకటి, నీళ్ళు దిగే చోటు ఇంకొకటి. పైన ఎక్కడో పెంకు సందులోంచి దిగిన నీరు వాసం పట్టుకుని నాలుగైదు అడుగులు జారి, ఎక్కడ మేకో, కణుపో అడ్డొస్తే అక్కడ కింద పడుతుంది. మనం చుక్క పడ్డ చోటికి సరిగ్గా పైన ఉన్న పెంకు మార్చి, హమ్మయ్య అనుకుంటాం. వచ్చే వానకి అదే చుక్క అక్కడే. నాన్న పదేళ్ళు ఈ పనే చేశారు, కొప్పు మీద, అంటే రెండు వాలులూ కలిసే పైఅంచు మీద సిమెంటు, సందుల్లో సిమెంటు, సిమెంటు పగిలితే దాని మీద తారు. నేను చదువుకున్నవాణ్ణి కదా, ఇంకో మెట్టు పైకెక్కి, 2021లో ఒక కంపెనీ వాళ్ళని పిలిచి పెంకులన్నిటికీ ఎర్రటి వాటర్‌ప్రూఫ్ రంగు వేయించాను. నలభై రెండు వేలు. ఏడేళ్ళ గ్యారంటీ అని కాగితం కూడా ఇచ్చారు. ఏడు నెలలకి రంగు పొరలు పొరలుగా లేచి మండువాలో రాలడం మొదలుపెట్టింది, కారడం ఇదివరకటికంటే ఎక్కువైంది. ఫోన్ చేస్తే "పెంకుల పాతదనం వల్ల సార్, మా ప్రోడక్ట్ వల్ల కాదు" అన్నారు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు.

ఇక ఊళ్ళో అందరిదీ ఒకటే మాట, "పడగొట్టి స్లాబ్ వేసేయొచ్చు కదా." ఒక ఇంజనీరు వచ్చి పది నిమిషాలు తిరిగి, వాసాలకేసి ఒకసారి తలెత్తి చూసి, కొత్త ఇంటికి ముప్ఫై ఎనిమిది లక్షల లెక్క రాసిచ్చాడు. అమ్మ ఆ కాగితం చూసి ఏమీ అనలేదు, మడిచి పంచాంగంలో పెట్టింది. మా అమ్మ పంచాంగంలో పెట్టిందంటే ఆ విషయం వచ్చే ఏడాదికి అని అర్థం.

పెంకు నేసే మేస్త్రి కోసం రెండు నెలలు వెతికాను. పని తెలిసినవాళ్ళు పెద్దవాళ్ళయిపోయారు, కుర్రాళ్ళు స్లాబు సెంట్రింగ్ పనుల్లోకి పోయారు. చివరికి మా బాబాయి చెప్తే అమలాపురం వైపు నుంచి ఒకాయన టీవీఎస్ మోపెడ్ మీద వచ్చారు. అరవై దాటి ఉంటాయి. చెప్పులు అరుగు కింద విడిచి, నిచ్చెన వేసుకుని, చేతిలో ఏమీ లేకుండా పైకెక్కారు. నేనూ ఎక్కబోతే, "అబ్బాయిగారూ, అడుగు రీపరు మీద పడాలండి, పెంకు నడుం మీద కాదు" అన్నారు. అంటే పై పెంకు అంచు కింది పెంకు మీద కూర్చునే చోట, దాని అడుగున వాసాల మీద అడ్డంగా కొట్టిన రీపరు చెక్క ఉంటుంది, అక్కడే కాలు మోపాలి. నడుం మీద మోపితే టప్పుమంటుంది. నేను మోపాను, అన్నది. అది ఆ రోజు మొదటి పెంకు.

ఆయన అరగంట తిరిగి దిగి, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, "దెబ్బ ఒకచోట, కట్టు ఒకచోట కట్టేరండి, ఆయ్" అన్నారు. ఒకటి రెండు మార్చి లాభం లేదు, మొత్తం దింపి, ఏరి, మళ్ళీ నేయాల్సిందే, వానల్లోపు అవుతుంది, మొదలుపెట్టడం ఆలస్యం చేయొద్దు అన్నారు.

2022 ఏప్రిల్ 18, సోమవారం మొదలుపెట్టాం. మేస్త్రిగారు, ఇద్దరు కూలీలు, రీపర్ల పనికి ఒక వడ్రంగి. బంగాళా పెంకు వంద చదరపు అడుగులకి సుమారు నూట యాభై పడుతుంది. మా కప్పు వాలులన్నీ కలిపి రెండు వేల నాలుగొందల అడుగులు, అంటే మూడు వేల ఆరొందల పెంకులు. ఒక్కోటి రెండున్నర కిలోలు వేసుకున్నా తొమ్మిది టన్నులు. ఇన్నేళ్ళూ అంత బరువు నెత్తి మీద పెట్టుకుని మేము కింద హాయిగా నిద్రపోయాం.

దింపిన ప్రతి పెంకునీ మేస్త్రిగారు ఎడం చేత్తో వేలాడదీసి, కుడిచేతి వేలి కణుపుతో ఒక్కటి కొట్టేవారు. ఖంగుమంటే ఒక పక్కకి, బొద్దుగా మోగితే ఇంకో పక్కకి. కంటికి పగులు కనిపించకపోయినా మోతలో తెలిసిపోతుంది. రెండో రోజుకి నేనూ కొట్టడం మొదలుపెట్టాను, నాలుగో రోజుకి ఆఫీసు మీటింగులో మ్యూట్ పెట్టుకుని అరుగు మీద కూర్చుని పెంకులు కొడుతున్నాను. మంచివాటిని ఇనప బ్రష్‌తో నాచు గీకి, కడిగి, గోడకి నిలువుగా ఆన్చి పేర్చాలి. పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి వేస్తే కిందవి విరుగుతాయి.

ఇక్కడ నా వాటర్‌ప్రూఫ్ రంగు సంగతి బయటపడింది. బంగాళా పెంకుకి పక్క అంచుల్లో సన్నటి గాడి ఉంటుంది. ఒక పెంకు గాడిలో పక్క పెంకు అంచు కూర్చుంటుంది, లోపలికి వచ్చిన నాలుగు చుక్కలూ ఆ గాడి పట్టుకుని కింది పెంకు మీదికి జారిపోతాయి. మేము వేయించిన రంగు ఆ గాళ్ళలో గడ్డకట్టుకుపోయింది. నీళ్ళు దిగే దారి మూసేసి, నలభై రెండు వేలు ఇచ్చి గ్యారంటీ కాగితం తీసుకున్నాను. కూలీల్లో చిన్నవాడు స్క్రూడ్రైవర్‌తో ఆ రంగు గీకడానికే ఆరు రోజులు కూర్చున్నాడు.

ఇంకో సంగతి కూడా తేలింది. మా పెంకుల వెనకాల ఇంగ్లీషు అక్షరాల్లో 'బేసెల్ మిషన్ టైల్ వర్క్స్, మంగుళూరు, 1865' అని అచ్చు ఉంటుంది. అది చూసి నాన్న ఎవరొచ్చినా "మా ఇల్లు సిపాయిల తిరుగుబాటు అయిన ఎనిమిదేళ్ళకి కట్టింది" అని చెప్పేవారు. నేనూ హైదరాబాద్‌లో ఫ్రెండ్స్‌కి అదే చెప్పాను, చాలాసార్లు. తీరా చూస్తే గోవా ఇళ్ళ మీదా, కేరళ ఇళ్ళ మీదా అదే 1865. బేసెల్ మిషన్ వాళ్ళు మంగుళూరు జెప్పులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన సంవత్సరం అది, పెంకు పుట్టిన సంవత్సరం కాదు. మా ఇంటి దస్తావేజులో 1938 అని స్పష్టంగా ఉంది. ఆ పెంకులు ఓడల్లో కాకినాడ రేవుకి వచ్చి, అక్కడి నుంచి కాలవల్లో పడవల మీద వచ్చాయని తాతయ్య చెప్పేవారు. మేస్త్రిగారికి ఈ 1865 కథ చెప్తే, "అయితే నాన్నగారు ఇల్లుకి డెబ్బై మూడేళ్ళు కలిపేరన్నమాట" అని లెక్క కట్టి మరీ నవ్వారు.

మంగుళూరు పెంకులు మొత్తం మీద రెండు వేల వంద దాకా తేలాయి. తొమ్మిదొందలు వేరే అచ్చు. ఒక రెండొందలు ఏ అచ్చో తెలియని కలగాపులగం. నాలుగొందలు పగిలినవి. ఆ తొమ్మిదొందలూ ఎప్పటివో నాకు గుర్తే. 1996 నవంబర్ 6 రాత్రి తుఫాను. అప్పుడు ఎనిమిదో తరగతి. తెల్లారి లేచేసరికి చుట్టూ కొబ్బరిచెట్లన్నీ ఒకే వైపు పడి ఉన్నాయి, మా దక్షిణం వాలు మీద పెంకనేది లేదు. ఆ నెలలో పెంకు దొరకడమే గొప్ప, నాన్న ఎక్కడెక్కడో తిరిగి ఏది దొరికితే అది తెచ్చి కప్పించారు. పెంకులు దూరం నుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి గానీ ఒక ఫ్యాక్టరీ పెంకు గాడిలో ఇంకో ఫ్యాక్టరీ పెంకు అంచు కూర్చోదు. కూర్చున్నట్టే ఉంటుంది. మేస్త్రిగారు రెండూ పక్కపక్కన పెట్టి సందులో తన చిటికెన వేలు దూర్చి చూపించారు. ఇరవై ఆరేళ్ళుగా మా ఇల్లు ఉరిసింది ఆ చిటికెన వేలి సందులోంచి.

అంతేకాదు, ఆ తొందరలో వేసిన రీపర్లు కూడా కొలత తప్పాయి. పాత రీపర్లు పన్నెండున్నర అంగుళాలకి ఒకటి, కొత్తవి పదమూడు మీదే. మేస్త్రిగారి దగ్గర ఒక కర్ర ముక్క ఉంది, చేతిలో అరిగి నున్నగా అయిపోయింది, అదే కొలత. టేపు ఇస్తే వద్దన్నారు. 1938 నాటి టేకు రీపర్లు కర్రతో పెట్టి చూస్తే సరిగ్గా సరిపోయాయి, చెద కూడా పెద్దగా పట్టలేదు. 96లో వేసిన చవక చెక్క మాత్రం చేత్తో నొక్కితే పిండి రాలింది. తాటి వాసాలు చూరు దగ్గర చివర్లు పుచ్చాయి, లోపల ఇనుములా ఉన్నాయి. చివర్లు కోసి అతుకులు వేశాం.

చెక్కకి పూయడానికి మోరి అనే ఊరి నుంచి జీడితొక్క నూనె తెప్పించారు. చెద దగ్గరికి రాదు, మంచిదే. చేతికి తగిలితే బొబ్బలెక్కుతుందని ముందే చెప్పారు, గ్లవుజులు కూడా వేసుకున్నాను, కానీ ఆ గ్లవుజు చేత్తోనే మెడ గోక్కున్నాను. పది రోజులు మెడ తిప్పలేదు. మా ఆవిడ ఇప్పటికీ ఫ్రెండ్స్‌కి చెప్పి నవ్వుతుంది.

తగ్గిన ఆరొందల పెంకుల కోసం తిరుగుతుంటే ముక్తేశ్వరం వైపు ఒక ఇల్లు పడగొడుతున్నారని తెలిసింది. అదే మంగుళూరు అచ్చు. వెళ్ళేసరికి గుమ్మాలు అప్పటికే ఎవరో కొనేశారు, జేసీబీ బయట ఆగి ఉంది. పెంకు పన్నెండు రూపాయల చొప్పున ఏడొందలు తీసుకున్నాను, పగిలినా ఉంటాయని వంద ఎక్కువ. ఆ ఇంటి పెద్దావిడ కుర్చీ వేసుకుని చెట్టు కింద కూర్చుని, "ఏం చేసుకుంటావు బాబూ ఇవి?" అంది. ఇంటికే వేస్తానంటే కొంచెంసేపు నా మొహం చూసి, అయితే అవి కూడా పట్టుకుపో అని పక్కన విడిగా పెట్టుకున్న నాలుగు గాజు పెంకులు చూపించింది. డబ్బులు తీసుకోలేదు. తులసికోట దగ్గర వెలుతురు కోసం వేయించుకున్నారట.

మే మొదటివారానికి తూర్పు, ఉత్తరం వాలులు అయిపోయాయి. దక్షిణం వాలు మొత్తం విప్పి రీపర్లు కొడుతున్నారు. అప్పుడు తుఫాను. పేరు అసని. మేలో వస్తుందని ఎవరనుకుంటారు! మామూలుగా అయితే బరకాలు కప్పి కూర్చోవచ్చు. కానీ అది దాళ్వా, అంటే రెండో పంట వరి కోతల టైము, ఊరందరి ధాన్యం కళ్ళాల్లో ఉంది, ఊళ్ళో ఉన్న ప్రతి బరకం ధాన్యం మీదే ఉంది. ఎవరిని అడుగుతాం? అమలాపురంలో కొందామంటే షాపుల్లో అప్పటికే అయిపోయాయి. మా బాబాయి తన నాలుగు బరకాల్లో రెండు తీసి ట్రాక్టర్‌లో పడేసి తెచ్చాడు. వద్దంటే, "ధాన్యం తడిస్తే ఆరబోసుకుంటానురా, నీ దూలం తడిస్తే ఏ ఎండలో ఆరబెడతావు" అన్నాడు. (ఆరబోసుకున్నాడు కూడా, కానీ రంగు మారిందని బస్తాకి తగ్గించి కొన్నారు. ఎంత తగ్గించారో నాతో ఇప్పటికీ చెప్పడు.)

10వ తేదీ సాయంత్రం శ్రీకాకుళం జిల్లా సున్నాపల్లి ఒడ్డుకి బంగారు రంగు రథం ఒకటి కొట్టుకొచ్చిందని అందరి ఫోన్లలో అదే వీడియో. మేము మాత్రం ఇసక బస్తాలు మోస్తున్నాం. ఆ రాత్రంతా బరకం లేచి లేచి కొట్టుకుంటుంటే పైన ఎవరో దుప్పట్లు దులుపుతున్నట్టు ఒకటే చప్పుడు. రెండింటికి ఒక తాడు తెగింది. నేనూ మా ఆవిడా టార్చి పట్టుకుని అటక మీంచి ఆ మూల పట్టుకుని కూర్చున్నాం, ఎంతసేపో తెలీదు, కింద అమ్మ దేవుడి గదిలో లలితా సహస్రనామం మొదలుపెట్టి, మధ్యలో ఆపి "పట్టుకున్నారా?" అని అడిగి, మళ్ళీ అందుకునేది. తెల్లవారుజామున అయిదింటికి మోపెడ్ చప్పుడు. మేస్త్రిగారు. వానలో, గోనెసంచి నెత్తిన వేసుకుని. ఎవరూ పిలవలేదు. తాడు బిగించి, "ఏం కాలేదండి" అని, మండువాలో నిలబడి బట్టలు పిండుకున్నారు. అసని బలహీనపడి 11న మచిలీపట్నం, నరసాపురం మధ్య ఎక్కడో తీరం దాటింది. మాకు పోయింది ఒక పరుపు, బీరువా పైన పెట్టిన నా ఇంజనీరింగ్ పుస్తకాలు. పుస్తకాలు పోయినందుకు ఏమీ అనిపించలేదు.

కొప్పు పని కోసం సున్నం అప్పటికే నానుతోంది. కొప్పు పెంకులు సిమెంటుతో అతికిస్తే ఎండకి పెంకు సాగి, రాత్రికి ముడుచుకుని, సిమెంటు ఆ కదలికకి ఓర్చుకోలేక పగులుతుందని మేస్త్రిగారి మాట. పాత కొప్పు పగలగొట్టి చూపించారు, నాన్న పూయించిన సిమెంటు పలకలుగా లేచింది, దాని కింద తాతయ్యల నాటి సున్నం పెంకుని అంటిపెట్టుకునే ఉంది. గుల్ల సున్నం తెచ్చి డ్రమ్ములో నీళ్ళల్లో వేస్తే కుతకుతా ఉడికి డ్రమ్ము చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. పది రోజులు నానాక వెన్నలా అయింది. అందులో ఇసక, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు. ఆ పులిసిన వాసన వీధి చివరిదాకా వచ్చేది. ఇక చీమలు! కొప్పు మీద పూసిన సున్నానికి చీమల బారు చూరు దాకా. మేస్త్రిగారు తుడవనివ్వలేదు, "రెండు రోజులు తిని పోతాయండి" అన్నారు. పోయాయి.

మే 24న అమలాపురంలో గొడవలయ్యాక జిల్లాలో నెట్ ఆపేశారు. నా ఆఫీసు పని ఆగింది, అది సరే, కూలీలకి ఫోన్‌పే ఆగింది. ఏటీఎం దగ్గర క్యూ. చివరికి అమ్మ బియ్యం డబ్బాలోంచి తీసిన నోట్లతో వారం కూలీ ఇచ్చాం. అన్నీ అయిదొందలే, అన్నిటికీ బియ్యపు తవుడే.

జూన్ 2కి అయిపోయింది. 96 నాటి పెంకులన్నీ దొడ్డివైపు వాలుకి వేశారు, వాటిలో అవి గాడి కలిసి చక్కగా కూర్చున్నాయి, మంగుళూరు పెంకులు మిగతా అన్ని వాలులకీ. గాజు పెంకులు నాలుగూ వంటింటి మీద. మొత్తం ఖర్చు రెండు లక్షల పది వేలు దాటింది, అందులో ఎక్కువ కలపకీ కూలికీ పోయింది. దీనికి ముందు రంగుకి పోసిన నలభై రెండు వేలు ఈ లెక్కలో వేయలేదు, వేయాలంటే మనసు రావడం లేదు.

జులైలో గోదావరి వచ్చింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక, లంకలన్నీ మునిగాయి. మా అత్తయ్య వాళ్ళు, వాళ్ళ పక్కింటివాళ్ళు కలిపి పదకొండు మంది మా ఇంట్లో ఉన్నారు. మగవాళ్ళం రాత్రుళ్ళు ఏటిగట్టు కాపలాకి పోయేవాళ్ళం. ఒకరోజు తెల్లారగట్ల వానలో ఇంటికొచ్చేసరికి వసారాలో, గదుల్లో, ఇదివరకు గుండిగ పెట్టే చోట కూడా పిల్లలు వరసగా పడుకుని ఉన్నారు. అమ్మ మాత్రం ఆ మూల పడుకున్న పిల్ల తల దగ్గర స్టీలు గిన్నె ఒకటి పెట్టింది. పొడిగానే ఉంది. ఒక్క గాజు పెంకు దగ్గర మాత్రం చుక్క పడింది, అది నేను సొంతంగా బిగించింది.

ఆగస్టులో కొబ్బరికాయ ఒకటి పడి ఉత్తరం వాలు మీద రెండు పెంకులు పగిలాయి. నిచ్చెన వేసి నేనే ఎక్కి మార్చాను, అడుగు రీపరు మీదే పడింది.

మొన్న మేస్త్రిగారు వాళ్ళ మనవరాలి పెళ్ళి పిలుపుకి వచ్చి, వంటింటి గోడ కింద భాగం తెల్లగా చౌడు పట్టి రాలుతుంటే వేలితో గీకి చూశారు. "ఇది కూడా నాన్నగారు సిమెంటే పూయించేరా అండి?" అన్నారు. పూయించారు. పెళ్ళి అయ్యాక వస్తానన్నారు.